వెదురు మీది దోమ: సుడిదోమేనా, వేరేదా? (ఉండవల్లి నమూనా)

కాలువగట్టు | నవంబర్ 9, ఉదయం 7.40

ఉండవల్లి వైపు కాలువగట్టు మీద వెదురు పొద. ఆకుల అడుగున చిన్న దోమలు, పెద్దవీ పిల్లలూ కలిసే ఉన్నాయి. రెక్కల చివరిదాకా కొలిస్తే 4 మి.మీ. లోపే. ఒళ్ళు లేత పసుపు, కాస్త ఆకుపచ్చ ఛాయ. రెక్కలు ఇంటి కప్పులా వాలి, వాటి మీద ఓ నల్ల మచ్చ. ఆకుల మీద తేనె బంక, ఆ కింది ఆకుల మీద మసి. ఆల్కహాల్‌లో 14 ఉన్నాయి. పైనుంచి తీసిన ఫోటోలు 3 జత చేశాను.

ఫోన్ యాప్ ‘బాంబూసిఫాగా’ (ఓ వెదురు దోమ ప్రజాతి) అంటోంది. గట్టు కింద చేలవాళ్ళేమో ‘ఇది సుడిదోమే, పొద కొట్టేయాల్సిందే’ అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

దీపపుపురుగు | నవంబర్ 9, ఉదయం 9.05

ఇప్పటికి ఇద్దరి మాటా నమ్మకండి. పైనుంచి తీసిన ఫోటోలో వెదురు మీది దోమలు సగం ఒకేలా కనిపిస్తాయి. రంగు సంగతి వదిలేయండి. ఆల్కహాల్‌లో కొన్నాళ్ళుంటే ఆకుపచ్చ పోయి గడ్డి రంగు మిగులుతుంది. యాప్ రంగునీ ఆకారాన్నీ చూస్తుంది, మనకి కావలసిన ఆధారం వెనుక కాలి చివర ఉంది.

ముందు అసలు ఇది ప్లాంట్‌హాపరా, లీఫ్‌హాపరా తేల్చండి. తెలుగులో రెండింటినీ ‘దోమ’ అనేస్తాం, పత్తి మీది పచ్చదోమ లీఫ్‌హాపర్, వరి మీది సుడిదోమ ప్లాంట్‌హాపర్. పురుగుని పక్కకి తిప్పి తల చూడండి. కొమ్ము కంటికి కింద, చెంప మీద నుంచి మొలిస్తే ప్లాంట్‌హాపర్. రెండు కళ్ళ మధ్య ముందువైపు నుంచి వస్తే లీఫ్‌హాపర్. వెనుక కాలి టిబియా (పిక్క భాగం) పొడవునా దువ్వెన పళ్ళలా ముళ్ళ వరసలుంటే లీఫ్‌హాపరే. ప్లాంట్‌హాపర్‌కి టిబియా పక్కన ఒకటో రెండో గట్టి ముళ్ళు, చివర ఓ ముళ్ళ కిరీటం ఉంటాయి, అంతే. వెదురు మీద బతికే లీఫ్‌హాపర్లు కూడా ఉన్నాయి: ముకారియా, దాని చుట్టాలు. వాటి ఒళ్ళు బల్లపరుపుగా ఉంటుంది.

ప్లాంట్‌హాపరే అని తేలాక టిబియా చివర లోపలి వైపు ‘కాల్కర్’ కోసం వెతకండి. మిగతా ముళ్ళకన్నా పెద్దది, మొదట్లో కీలు ఉండి కదిలే ముల్లు. అగ్గిపుల్ల చివర సన్నటి సూది గుచ్చి, ఆల్కహాల్‌లో ఉన్న పురుగు కాలిమీద మెల్లిగా తోయండి. మామూలు ముల్లు కదలదు, కాల్కర్ మొదలు దగ్గర తిరుగుతుంది. అది తిరిగితే కుటుంబం డెల్ఫాసిడే. మళ్ళీ అనుమానం అక్కర్లేదు.

సార్వారైతు | నవంబర్ 9, ఉదయం 9.31

ఈ చర్చంతా సరే మాస్టారూ. పొద కొట్టాలా వద్దా, ముందు అది చెప్పండి. చేను పాలు పోసుకుంటోంది, దుబ్బుల మొదట్లో దోమ కనిపిస్తోంది.

దీపపుపురుగు | నవంబర్ 9, ఉదయం 9.44

కొట్టొద్దు. సుడిదోమ అంటే నీలపర్వత లూజెన్స్. అది పిల్లల్ని పెట్టి పెంచుకునేది వరి మీద, వరి తోబుట్టువులైన అడవి వరి మొక్కల మీద. వెదురు మీద దాని సంసారం సాగదు. పొద మీద పిల్లలు కూడా ఉన్నాయంటున్నారు కాబట్టి ఇది వెదురు తిని బతికే దోమే అయ్యుండాలి. కారణం వివరంగా తర్వాత రాస్తాను. మీ చేలో దుబ్బు వంచి నీటి మట్టం దగ్గర చూసి లెక్కపెట్టండి, పొదని కాదు. ప్రతి 2 మీటర్లకీ 20 సెం.మీ. కాలిబాటలు తీసి ఉంటే సరే, లేకపోతే ఇప్పుడైనా దుబ్బుల్ని రెండు పక్కలా పాయలు తీసి గాలి, వెలుతురు తగలనివ్వండి. సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు మాత్రం కొట్టకండి. వాటితో దోమని తినే సాలీళ్ళూ మిరిడ్ నల్లులూ ముందు చస్తాయి, దోమ రెట్టింపై తిరిగొస్తుంది.

రెల్లుపువ్వు | నవంబర్ 9, ఉదయం 11.20

అసలు అది ఏ వెదురు? కృష్ణ ఒడ్డున కిక్కసని చూసి కూడా ‘సన్న వెదురు’ అని రాసేవాళ్ళున్నారు. పురుగు పేరు తప్పయితే ఎప్పుడైనా దిద్దుకోవచ్చు, మొక్క పేరు తప్పయితే ఆ తప్పు జాబితాల్లో దశాబ్దాలు తిరుగుతుంది.

ముళ్ళ వెదురు అయితే కణుపుల దగ్గర వంపు తిరిగిన ముళ్ళు రెండు మూడు కలిసి ఉంటాయి, పొద అడుగున ముళ్ళ కొమ్మలు అల్లుకుపోయి చెయ్యి దూరదు. సాధనపు వెదురైతే ముళ్ళుండవు, బొంగు గోడ మందం, మెట్ట నేలల్లో దాదాపు గట్టి కర్రే. కాలనీల్లో కంచెగా వేసే సన్న ఆకుల వెదురు ఇంకొకటి. పూత లేని వెదుర్ని ఆకు చూసి చెప్పలేం. కొత్త బొంగు మీది పొర తొడుగు ఒకటి, పూర్తిగా, మొదలు నుంచి కొస దాకా చిరగకుండా తీసి కాగితాల మధ్య నొక్కి పెట్టండి. తొడుగు పైనున్న చెవులు, వాటి నూగు, నాలుక ఎత్తు, తొడుగు కొస మీది ఆకు నిటారుగా ఉందా వెనక్కి వాలిందా, ఇవి కావాలి. నేల రాలిన పాత తొడుగులకి చెవులు రాలిపోయి ఉంటాయి, అవి పనికిరావు.

కాలువగట్టు | నవంబర్ 10, సాయంత్రం 6.15

కొమ్ము కంటి కిందే ఉంది. కాల్కర్ ఉంది, సూదితో తోస్తే తిరుగుతోంది. లావుగా ఉంది, 10 రెట్ల లెన్సులో పళ్ళేమీ కనిపించలేదు. కొమ్ములు పొట్టి, గుండ్రటివి, చప్పిడిగా లేవు.

పొద ముళ్ళ వెదురే. కొత్త బొంగు తొడుగు తీసి నొక్కాను.

దీపపుపురుగు | నవంబర్ 10, రాత్రి 9.02

బావుంది. అయితే 10 రెట్ల లెన్సులో పళ్ళు కనిపించలేదంటే పళ్ళు లేవని కాదు. వరి దోమ కాల్కర్ మీద పళ్ళు వరసగా ఉంటాయి, అవి కూడా ఆ లెన్సుకి గీతలా కనిపిస్తాయి. స్టీరియో మైక్రోస్కోపులో కనీసం 40 రెట్లు పెట్టి, కాల్కర్‌ని మూడు వైపుల నుంచీ చూడండి. కింద తెల్ల కాగితం బదులు నల్లది వేయండి, పళ్ళ కొసలు అప్పుడు తేలతాయి.

ఎందుకింత పట్టు అంటే, ఇక్కడే దారి చీలుతుంది. డెల్ఫాసిడేని 1985 తర్వాత ఆషే అనే శాస్త్రవేత్త పద్ధతిలో 6 ఉపకుటుంబాలుగా చూస్తున్నాం. అందులో పెద్దది డెల్ఫాసినే. దాంట్లో 3 ట్రైబులు (ఉపకుటుంబానికీ ప్రజాతికీ మధ్య మెట్టు): శాకరోసిడ్నిని, ట్రోపిడోసెఫాలిని, డెల్ఫాసిని. మన వరి దోమలన్నీ, అంటే సుడిదోమ, తెల్లవీపు దోమ, డెల్ఫాసినిలోవే. వాటి కాల్కర్ పలచటి రేకులా ఉంటుంది, ఒక వైపు పొంగి, ఒక వైపు గుంటపడి, వెనుక అంచున పళ్ళ వరసతో. ట్రోపిడోసెఫాలిని కాల్కర్ రెండు వైపులా ఉబ్బి, గింజలా నిండుగా ఉంటుంది. అంచున వరస ఉండదు, కొసన ఒక పన్ను ఉంటే ఉంటుంది. ఆసియా వెదుళ్ళ మీద బతికే డెల్ఫాసిడ్ ప్రజాతుల్లో ఎక్కువ భాగం ఈ గుంపులోవే: బాంబూసిఫాగా, బెలోసెరా, నియోబెలోసెరా, మలాక్సా, ఎపెయూరిసా, పురోహిత.

తిరగేసి చదవకండి. ట్రోపిడోసెఫాలిని అంటే వెదురు దోమ అని కాదు. ట్రైబుకి పేరిచ్చిన ట్రోపిడోసెఫాలాలే గడ్డి మీద, దర్భ మీద దొరుకుతాయి. గట్టున రెల్లు ఉంటే అక్కడ్నించి ఎగిరొచ్చి వెదురు మీద వాలొచ్చు.

సరదాగా ఒక మాట. డిస్టాంట్ అనే కీటక శాస్త్రవేత్త 1906లో బ్రిటిష్ ఇండియా కీటకాలకి పేర్లు పెడుతూ, సుడిదోమ ప్రజాతికి ‘నీలపర్వత’, ఓ వెదురు దోమ ప్రజాతికి ‘పురోహిత’ అని పెట్టాడు. రెండూ ఆ ఒక్క సంపుటంలోనే. లూజెన్స్ అనే జాతి పేరు మాత్రం అంతకు ముందు 1854లో స్టాల్ జావా నమూనాలకి పెట్టింది. రైతుకి సుడిదోమ నీలపర్వతమని తెలియదు గానీ, పేరు మన భాషల్లోంచే పోయింది.

చప్పిడికొమ్ము | నవంబర్ 10, రాత్రి 10.18

కొమ్ముల గురించి ఒక హెచ్చరిక. చప్పిడి కొమ్ము కనిపించగానే బెలోసెరా అనో పురోహిత అనో రాసేస్తుంటారు. బెలోసెరాలో కొమ్ము మొదటి ఖండం బాణం మొనలా విప్పారి ఉంటుంది. పురోహితలో పొడుగ్గా పలచగా సాగుతుంది, పురుగు కూడా మిగతా వాటి కన్నా పెద్దది. కానీ చెరకు మీది పెర్కిన్సియెల్లాకి కూడా మొదటి ఖండం వెడల్పుగా చప్పిడిగానే ఉంటుంది. ఉయ్యూరు వైపు చెరకు తోటల పక్కన పురుగుల కోసం వెదురు కొమ్మని కర్రతో కొడితే అది కింద పరిచిన షీటు మీద పడొచ్చు. తేడా మళ్ళీ కాల్కరే. పెర్కిన్సియెల్లాది పలచటి రేకు, అంచున పళ్ళు బోలెడు.

మలాక్సా కొమ్ములు గుండ్రటివే కానీ బాగా పొడుగు. మీ నమూనావి పొట్టి అన్నారు, కాబట్టి అదీ పక్కన పెట్టొచ్చు.

సార్వారైతు | నవంబర్ 11, ఉదయం 6.50

సరే, వెదురు మీద సుడిదోమ బతకదన్నారు. మరి కోతలప్పుడు వెదురు ఆకుల మీద సుడిదోమ గుంపులుగా కనిపిస్తుందే? అది అబద్ధమా?

దీపపుపురుగు | నవంబర్ 11, ఉదయం 8.12

కనిపించేది అబద్ధం కాదు. కోత కోస్తే పొడుగు రెక్కల దోమ లేచి ఎక్కడ పడితే అక్కడ వాలుతుంది, కరెంటు స్తంభం మీద కూడా. స్తంభం తింటుందని ఎవరూ అనరు కదా. వాలటం వేరు, తినటం వేరు, పిల్లల్ని పెంచటం వేరు. ఈ మూడూ కలిపేసి ‘ఆహార మొక్క: వెదురు’ అని రాయబట్టే జాబితాలు పాడయ్యాయి.

ఇతర కుటుంబాల్లో ఇది ఇంకా తిప్పలు. డెర్బిడే పెద్ద పురుగులు వెదురాకు కింద హాయిగా కూర్చుంటాయి, వాటి పిల్లలు మాత్రం కుళ్ళిన దుంగల్లో బూజు మీద బతుకుతాయి. సిక్సిడే పిల్లలు నేలలో వేళ్ళ మీద ఉంటాయి. అందుకే పిల్ల పురుగు దొరక్కుండా ఆహార మొక్క పేరు రాయొద్దు. ‘దీని మీద దొరికింది’ అని రాస్తే చాలు.

మీ అనుమానం తీరాలంటే పరీక్ష కష్టమేం కాదు. 30 రోజుల నారు 5 కుండల్లో పెట్టి, ఒక్కో కుండకీ గాలి రంధ్రాలున్న ప్లాస్టిక్ గొట్టం తొడగండి, రంధ్రాలకి మల్లు గుడ్డ అతికించాలి. పొద మీది 2, 3 దశల పిల్లల్ని కుండకి 10 చొప్పున వదలండి. ఇంకో 5 గొట్టాలు వెదురు కొమ్మలకే తొడిగి అందులోనూ 10 చొప్పున. 24, 48, 72 గంటలకి బతికినవి లెక్కపెట్టండి. రెండు చోట్లా చస్తే మీరు పట్టుకోవటంలో నలిపారని అర్థం, ఆ లెక్క కొట్టేయాలి. చేత్తో పట్టొద్దు, మెత్తటి 0 నంబరు కుంచెతో ఎత్తండి. నేలమీద నీళ్ళు నిలిస్తే పిల్లలు జారి మునుగుతాయి, కుండలో మట్టి మీద పొడి ఇసుక అర అంగుళం పరవండి.

తిన్నదా లేదా ఇంకా గట్టిగా తెలియాలంటే నారు మొదట్లో వడపోత కాగితం పెట్టి ఒక రాత్రి ఉంచండి. ఎసిటోన్‌లో 0.1 శాతం నిన్‌హైడ్రిన్ కలిపి కాగితం మీద చల్లి వేడి చేస్తే తేనె బంక పడిన చోట ఊదా మచ్చలొస్తాయి. చేతి చెమట తగిలినా ఊదా వస్తుంది, కాబట్టి కాగితాన్ని పట్టకారుతోనే ముట్టుకోవాలి. మచ్చలు ఎక్కువుంటే నాళం రసం తాగుతున్నట్టు. ఏవో నాలుగు చుక్కలుంటే రుచి చూసి వదిలేసినట్టు.

పిన్ను2 | నవంబర్ 11, మధ్యాహ్నం 1.40

కాలువగట్టు గారూ, 14 పురుగులూ ఒకే సీసాలో ఉంటే ముందు విడదీయండి. ఏ ఆల్కహాల్ వాడారు? 70 శాతం అయితే కోసి చూడటానికి సరిపోతుంది, డీఎన్ఏకి కాదు. శానిటైజర్ జెల్ వాడి ఉంటే చెప్పండి, అందులో జిగురు పదార్థం ఒంటికి పట్టేసి నూగు అంతా అట్ట కడుతుంది, వెంటనే కడగాలి.

కొత్తగా పట్టేటప్పుడు ముళ్ళ వెదుట్లో వల తిప్పకండి, చిరగటం తప్ప ఏమీ రాదు. తిరగేసిన తెల్ల గొడుగు కొమ్మ కింద పట్టి, కొమ్మని కర్రతో రెండు దెబ్బలు కొట్టండి. నాలుగైదు కొడితే పెద్దవి ఎగిరిపోతాయి, ఆకుల చెత్తే మిగులుతుంది. పడినవాటిని పీల్చే గొట్టంతో తీసుకోవాలి, గొట్టం లోపల మల్లు గుడ్డ అడ్డం ఉందో లేదో చూసుకున్నాకే పీల్చండి. వాన తగ్గిన గంటలో కొట్టొద్దు, తడి గుడ్డకి రెక్కలు అంటుకుని నలుగుతాయి.

అన్నీ ఆల్కహాల్‌లో వేయకండి. కనీసం రెండు మగ, రెండు ఆడ పొడిగా ఉండాలి, రంగు వాటిలోనే నిలుస్తుంది. ఇథైల్ అసిటేట్ దూది ఉన్న సీసాలో చంపి, గట్టిపడకముందే, అంటే అదే రోజు, అట్ట త్రికోణం మొనకి అతికించండి. 4 మి.మీ. పురుగు ఒంట్లో సూది గుచ్చితే ఛాతీ పగిలిపోతుంది. త్రికోణం మొన కొంచెం కిందికి వంచి, జిగురు సూది మొనంత పెట్టి, పురుగు కుడి పక్కన ఛాతీకి తగిలించాలి. ఎడమ పక్క మొత్తం చూడటానికి వదిలేయాలి. జిగురు ఎక్కువైతే కాళ్ళు మునిగిపోతాయి, కాల్కర్ కూడా పోతుంది, ఇక ఆ నమూనాతో ఏం లాభం? సూది 2 లేదా 3 నంబరు, ఎక్కువ సన్నదైతే అట్ట బరువుకి ఊగుతుంది.

బార్‌కోడు | నవంబర్ 11, రాత్రి 8.30

డీఎన్ఏ కోసం పక్కన పెట్టేవి 95 శాతం ఆల్కహాల్‌లో, 24 గంటల తర్వాత ఆల్కహాల్ ఒకసారి మార్చి, ఫ్రీజర్‌లో. పురుగు ఒంట్లో నీరు ఆల్కహాల్‌ని పలచబరుస్తుంది, మార్చకపోతే అదే 80కి పడుతుంది.

కాలు తీయాలంటే మధ్య కాలు తీయండి, అదీ కుడి వైపుది, ఎలాగూ అది జిగురు వైపే. వెనుక కాలు మాత్రం ముట్టుకోవద్దు, కాల్కర్ ఉన్నది అక్కడే. పొట్ట నుంచి తీస్తే ఇంకో గొడవ: లోపల పరాన్నజీవి కందిరీగ పిల్ల ఉంటే కందిరీగ డీఎన్ఏ వరసే వస్తుంది. పురుగు కడుపులో బతికే సూక్ష్మజీవులు సరేసరి.

జాతుల్ని పోల్చటానికి వాడే సీవోఐ జన్యువులో 658 అక్షరాల ముక్క చదివించినా తుది తీర్పు దాని నుంచి రాదు. పోల్చటానికి సరిగ్గా గుర్తించిన వెదురు దోమల వరసలు ఉండాలి కదా. దగ్గరి పోలిక 91 శాతం వస్తే ‘ఇదే జాతి’ అని రాసేవాళ్ళున్నారు. 91 అంటే జాతి తేలలేదనే, ప్రజాతి కూడా చెప్పినట్టు కాదు.

కాలువగట్టు | నవంబర్ 13, సాయంత్రం 5.55

40 రెట్లలో చూశాను. కాల్కర్ రెండు వైపులా ఉబ్బే ఉంది. అంచున వరస లేదు. కొసన ఒక పన్ను. నల్ల కాగితం వేసి ఫోటో తీశాను, నాలుగో ఫోటో అది.

14 లో పెద్దవి 9, పిల్లలు 5. పెద్దవాటిలో ఆడవి 5 (పొట్ట అడుగున కత్తిలాంటి గుడ్లముల్లు కనిపిస్తోంది), మగవి 4 (పొట్ట చివర గిన్నెలా తెరుచుకుని ఉంది). ఒక మగదానికి పొట్ట పక్కన బుడ్డిలా నల్లటి సంచి వేలాడుతోంది. ఆల్కహాల్ 70 శాతమే.

జాతి తేలేది మగదాని జననాంగాల్లోనే కదా, మగదాన్ని కోయటం ఎలా?

పిన్ను2 | నవంబర్ 13, రాత్రి 9.10

ఆ సంచి ఉన్నదాన్ని కోయకండి. అది డ్రైనిడ్ కందిరీగ పిల్ల సంచి. అలాంటి పురుగులో లోపలి అవయవాలు కుంచించుకుపోయి ఉంటాయి. పొట్ట పలకల మధ్య నుంచి చిన్న గోధుమ రంగు బొడిపె పొడుచుకొచ్చినట్టుంటే ఎలెంకస్, మెలితిరుగు రెక్కల పరాన్నజీవి. అది పట్టిన మగదాని జననాంగాలు సగమే పెరుగుతాయి. వాటిని చూసి కొత్త జాతి అనుకునే ప్రమాదం ఉంది. బాగున్న మూడింట్లో రెంటినే కోయండి, ఒకటి ముట్టుకోకుండా ఉంచండి.

ఇక పని. కాస్టిక్ పొటాష్ 10 గ్రాములు, నీళ్ళు కలిపి 100 మి.లీ. చేయండి. నీళ్ళలో పొటాష్ వేయాలి, పొటాష్ మీద నీళ్ళు పోయకూడదు, చిమ్ముతుంది. కళ్ళద్దాలు పెట్టుకోండి. పురుగు పొట్టని మూడు, నాలుగు పలకల మధ్య రెండు సూదులతో విడదీయండి. చిన్న గాజు గొట్టంలో పొటాష్ రెండు చుక్కలు, అందులో పొట్ట. గొట్టాన్ని నేరుగా మంట మీద పెట్టొద్దు, ఒక్కసారి బుడగ లేచి పొట్ట గోడ మీదికో నేలమీదికో పోతుంది. మరిగే నీళ్ళున్న గిన్నెలో గొట్టం నిలబెట్టి 5 నిమిషాల తర్వాత చూడండి. కండ కరిగి మబ్బుగా కనిపిస్తే ఇంకో 3 నిమిషాలు. తొందర లేకపోతే వేడి అక్కర్లేదు, చల్లటి పొటాష్‌లో రాత్రంతా వదిలేస్తే అంతకన్నా శుభ్రంగా వస్తుంది. లేత రంగు దోమకి అదే మేలు. ఎక్కువ ఉడికిస్తే పెంకు గాజులా అయిపోయి, ఈడియాగస్ (మగ జననాంగపు గొట్టం) మీది సన్న ముళ్ళు కనిపించవు. అలా అయితే ఆసిడ్ ఫ్యుక్సిన్ అనే రంగు పలచగా వేసి 2 నిమిషాలు ఉంచి చూడండి, గీతలు తిరిగి తేలతాయి.

తర్వాత నీళ్ళలో రెండు సార్లు, ఒక్కోసారి 5 నిమిషాలు. రెండో నీళ్ళలో ఓ చుక్క వెనిగర్. ఇది మానేస్తే మిగిలిన పొటాష్ గ్లిజరిన్‌లో కూడా మెల్లిగా తింటూనే ఉంటుంది. గుంట స్లైడులో గ్లిజరిన్, అందులో పొట్ట. ముక్కలు దొర్లిపోతుంటే అడుగున రవ్వంత గ్లిజరిన్ జెల్లీ పెట్టి అందులో కూర్చోబెట్టండి. మే నెలలో బెజవాడ గదిలో ఆ జెల్లీ కూడా నిలవదు గానీ ఇది నవంబరు కదా, పరవాలేదు.

దీపపుపురుగు | నవంబర్ 13, రాత్రి 10.25

చూసే వరస: ముందు విడదీయకుండా, పక్క నుంచి ఒక బొమ్మ, వెనుక నుంచి ఒక బొమ్మ గీయండి. ఫోటోలో లోతు సరిగా రాదు, చేత్తో గీసిన గీతే మేలు. పైగోఫర్ (పొట్ట చివరి గిన్నె) అంచులు, ఆసన పలక కింది ముళ్ళు ఎన్ని, ఏ వైపు వంగాయి, స్టైల్స్ (జననాంగానికి రెండు పక్కలా ఉండే కొక్కేలు) రెండూ దూరంగా ఉన్నాయా దగ్గరగా ఉన్నాయా, ఈడియాగస్ గొట్టం వంపు. అప్పుడు గానీ స్టైల్‌ని పక్కకి లాగి ఈడియాగస్ బయటికి తీయొద్దు. ముందే లాగితే అసలు ఏ కోణంలో ఉందో మళ్ళీ తెలియదు. ప్రచురించిన బొమ్మలన్నీ ఎడమ పక్క నుంచి ఉంటాయి, మీదీ అదే పక్క నుంచి గీయండి, లేకపోతే వంపు తిరగబడినట్టు కనిపించి కొత్త జాతి కనిపెట్టేస్తారు.

కాలువగట్టు | నవంబర్ 16, ఉదయం 10.05

రెండు మగవాటిని కోశాను. ఒకటి ఎక్కువ ఉడికింది, ఫ్యుక్సిన్ వేసినా స్పష్టంగా లేదు. రెండోది రాత్రంతా చల్లటి పొటాష్‌లో వేశాను, చక్కగా వచ్చింది. బొమ్మలు రెండు జత చేశాను. ముఖం పలక సన్నగా, వెడల్పుకి దాదాపు రెండు రెట్లు పొడవు. ఆసన పలక కింద ముళ్ళు రెండు, కిందికి వంగాయి. స్టైల్స్ కొసలు రెండుగా చీలాయి. ఈడియాగస్ సన్నగా పైకి వంపు తిరిగింది.

సార్వారైతు గారి నారు మీద పరీక్ష కూడా అయింది. 72 గంటలకి వరి గొట్టాల్లో 50కి 2 మిగిలాయి, వెదురు గొట్టాల్లో 50కి 43.

సార్వారైతు | నవంబర్ 16, ఉదయం 10.40

నారిచ్చింది నేనే గాబట్టి లెక్క నా కళ్ళముందే చూశాను. పొద జోలికి పోము. చేలో పాయలు తీశాం.

చప్పిడికొమ్ము | నవంబర్ 16, మధ్యాహ్నం 12.15

లావు కాల్కర్, సన్న ముఖం, పొట్టి గుండ్రటి కొమ్ము, లేత ఒంటి మీద నల్ల మచ్చ. యాప్ చెప్పిందే నిజమేమో మాస్టారూ? బాంబూసిఫాగా అని రాసేయొచ్చు కదా.

దీపపుపురుగు | నవంబర్ 16, మధ్యాహ్నం 2.30

రాయొచ్చు, కానీ దాని ముందు ‘సరిపోల్చాలి’ అని పెట్టండి. బాంబూసిఫాగాని 1979లో చైనా నమూనాల మీద పెట్టారు, ఆ తర్వాత అందులో జాతులు చాలా చేరాయి. ఆ గుంపు చుట్టూ 1979 తర్వాత వేరే వెదురు ప్రజాతులు కూడా వచ్చాయి, వాటిలో కొన్ని పైపైన చూస్తే ఇలాగే ఉంటాయి. ఒక్క మగదాని బొమ్మతో, రకపు నమూనా (జాతికి పేరు పెట్టినప్పుడు ఆధారంగా ఉంచిన పురుగు) చూడకుండా, జాతి పేరు రాయటం కుదరదు. యాప్ చెప్పింది నిజమైనా అది చూసి చెప్పింది కాదు. కాల్కర్ దాని ఫోటోలో లేదు. కోడి కూసింది, తెల్లారింది, అంతవరకే.

ఆడవాటి సీసా వేరుగా పెట్టి మగవాటి పేరు దానికి పెట్టకండి. ఒకే పొద మీద రెండు జాతులుండటం వింతేం కాదు. ‘మగవాటితో కలిసి దొరికాయి’ అని రాయండి. పిల్లల్లో ముందు రెక్క మొగ్గ వెనుక రెక్క మొగ్గ కొసదాకా వచ్చినవి ఐదో దశవి, వాటిని కొమ్మతో సహా గొట్టంలో ఉంచి పెంచితే పెద్దవవుతాయి, అప్పుడు పిల్లకీ పెద్దకీ జత కుదురుతుంది. ఆల్కహాల్‌లో వేసిన 5 తో ఆ పని కాదు, మళ్ళీ పట్టాలి.

రెల్లుపువ్వు | నవంబర్ 16, సాయంత్రం 4.05

తొడుగు ఫోటో చూశాను, ముళ్ళ వెదురే. చీటీలో మొక్క పేరు రాస్తూ తొడుగు నమూనా నంబరు కూడా రాయండి, రేపు ఎవరికైనా అనుమానం వస్తే మొక్కని కూడా చూడగలరు.

పిన్ను2 | నవంబర్ 16, సాయంత్రం 4.30

కోసిన పొట్టని స్లైడులో వదలొద్దు. చిన్న ప్లాస్టిక్ గొట్టంలో గ్లిజరిన్ రెండు చుక్కలు వేసి, అందులో ముక్కలన్నీ పెట్టి, బిరడాకి సూది గుచ్చి అదే పురుగు సూదికి కింద తగిలించండి. గ్లిజరిన్ నిండా పోస్తే ఎండాకాలంలో కారి చీటీ తడిసిపోతుంది. పెట్టెలో నాఫ్తలీన్ ఒక మూల, సిలికా జెల్ ఇంకో మూల. చీటీకి బాల్‌పెన్ వాడొద్దు, ఆల్కహాల్‌కి కరిగిపోతుంది. పెన్సిలైనా సరే, చైనా సిరా అయినా సరే.

కాలువగట్టు | నవంబర్ 17, ఉదయం 8.20

చీటీలు ఇలా రాశాను, తప్పుంటే చెప్పండి.

మొదటి చీటీ: ఆంధ్రప్రదేశ్, గుంటూరు జిల్లా, తాడేపల్లి మండలం, ఉండవల్లి, కాలువగట్టు. 9 నవంబర్. గొడుగు దెబ్బ.

రెండో చీటీ: ముళ్ళ వెదురు మీద, ఆకు అడుగున, పిల్లలతో కలిసి. తొడుగు నమూనా 1.

మూడో చీటీ: డెల్ఫాసిడే, ట్రోపిడోసెఫాలిని. బాంబూసిఫాగాతో సరిపోల్చాలి. మగ, పొట్ట గ్లిజరిన్ గొట్టం 2 లో.

పిన్ను2 | నవంబర్ 17, ఉదయం 8.41

సంవత్సరం రాయలేదు.